రెండూ మూడూ కలిస్తే ఎప్పుడూ ఐదేనా?

ఫ్యాన్ కండెన్సర్ నుంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు దాకా... సిరీస్, ప్యారలల్ లెక్క తెలిస్తే పరీక్షా గట్టెక్కుతుంది, ప్రాణమూ నిలుస్తుంది

రాత్రి పదకొండు దాటింది. గదిలో పన్నెండు మందిమి. నైట్ షిఫ్టుకు వెళ్లినవాళ్లు ముగ్గురు, మిగతావాళ్లం మంచాల మీద. కింది మంచం తమ్ముడు కరీంనగర్ వైపు వాడు. సొంత డబ్బుతో కొనుక్కున్న చిన్న ఫ్యాన్ వారం నుంచి నీరసంగా తిరుగుతోందని దాన్ని విప్పి కూర్చున్నాడు. అరగంటకు ముఖం వెలిగిపోతూ అన్నాడు.

"అన్నా, కొత్త కండెన్సర్ దొరకలే. పాతవి రెండు ఉన్నయి, పక్కపక్కన కలిపి పెట్టిన. డబుల్ అయితది కదా, ఇగ గిర్రున తిరుగుతది సూడు."

నిజంగానే తిరిగింది. కానీ గుర్రుమని కొత్త శబ్దం ఒకటి మొదలైంది. ఎవరూ పట్టించుకోలేదు. పడుకున్నాం. ఒంటిగంట ప్రాంతంలో పై మంచం మీది శ్రీకాకుళం బావ లేచి కూర్చుని "ఏటిరా ఈ వాసన?" అన్నాడు. ఫ్యాన్ మోటారు మీద చెయ్యి పెట్టలేనంత వేడి. ప్లగ్ పీకేశాం. దాని పక్కనే ఆరేసిన తువ్వాలు ఉంది, దాని పైన పరుపు ఉంది. బావకు ఆ రాత్రి నిద్ర పట్టకపోవడం మా అదృష్టం.

తెల్లారాక ఆ రెండు కండెన్సర్లూ చూశాం. ఒక్కొక్కటి 3 మైక్రోఫారడ్లు. ఫ్యాన్‌కు ఉండాల్సింది 1.5 మైక్రోఫారడ్లు. తమ్ముడు వాటిని పక్కపక్కన, అంటే ప్యారలల్‌లో కలిపాడు. 1.5 ఉండాల్సిన చోట 6 పెట్టాడన్నమాట. అవే రెండింటినీ ఒకదాని వెనక ఒకటి, అంటే సిరీస్‌లో కలిపి ఉంటే సరిగ్గా 1.5 వచ్చేది! తప్పు వస్తువుల్లో లేదు, వైరు కలిపిన తీరులో ఉంది.

ఐటీఐలో ఎప్పుడో చదివి మరిచిపోయినవాళ్లకీ, అసలు చదవకుండానే ఎలక్ట్రికల్ పనిలో చెయ్యి తిరిగినవాళ్లకీ ఈ లెక్క ఒకసారి చెప్పుకుంటే మంచిదనిపించింది. పెద్ద గణితం ఏమీ లేదు. కూడికలు, గుణకారాలు, ఒక భాగాహారం. అంతే.

ఎవరు ఏం పని చేస్తారు?

రెసిస్టర్ అంటే కరెంటు దారిలో అడ్డు. మన స్కూలు పుస్తకాల్లో నిరోధం అని చదివాం. దీని కొలత ఓమ్. హీటరు తీగ, కెటిల్ అడుగున ఉండే కాయిల్, ఇస్త్రీపెట్టె... అన్నీ ఒక రకంగా రెసిస్టర్లే. మామూలు రాగి వైరుకు కూడా ఎంతో కొంత నిరోధం ఉంటుంది.

కెపాసిటర్‌నే మనవాళ్లు కండెన్సర్ అంటారు. రెండు లోహపు రేకులు, వాటి మధ్య కరెంటును పోనివ్వని పలుచని పొర. ఇది కరెంటును కాసేపు దాచిపెట్టి మళ్లీ వదులుతుంది. కొలత ఫారడ్. అది చాలా పెద్ద కొలత కాబట్టి అందులో పది లక్షల వంతును మైక్రోఫారడ్ అంటాం. ఫ్యాన్ల మీదా, మోటార్ల మీదా కనిపించేది అదే.

ఫ్యాన్‌లో కండెన్సర్ ఎందుకు? తిరగలి గుర్తు తెచ్చుకోండి. పిడిని ఒకే గీత మీద ముందుకూ వెనక్కూ లాగితే రాయి కదలదు. ఎదురుగా కూర్చున్న ఇద్దరు, ఒకరి తర్వాత ఒకరు సరైన అదనులో తోస్తే గిర్రున తిరుగుతుంది. సింగిల్ ఫేజ్ ఫ్యాన్‌లో రెండు వైండింగులు ఉంటాయి. రెండోదానికి సిరీస్‌లో కండెన్సర్ పెడితే అందులో కరెంటు కాస్త ముందుగా వస్తుంది. అప్పుడు అదను కుదిరి ఫ్యాన్ తిరుగుతుంది. కండెన్సర్ నీరసిస్తే ఫ్యాన్ నెమ్మదిస్తుంది. పూర్తిగా పోతే చేత్తో తిప్పితే తప్ప కదలదు. అలాగని కండెన్సర్ పెద్దది పెట్టేస్తే, రెండో వైండింగులోకి తట్టుకోలేనంత కరెంటు వెళ్లి మోటారు కాలుతుంది. మా గదిలో జరిగింది అదే.

డార్మిటరీ గేటు చెప్పే పాఠం

పొద్దున్నే లారీ ఎక్కడానికి అందరం ఒకేసారి బయటికి వస్తాం. తిరిగే గేటు ఒకటే ఉంటే లైను. ఆ గేటు దాటాక ఇంకో గేటు ఉంటే? రెండు చోట్లా ఆగాలి. ఆలస్యం ఇంకా పెరుగుతుంది. ఇదే సిరీస్. అడ్డు మీద అడ్డు. అందుకే సిరీస్‌లో రెసిస్టర్లను కూడుకోవాలి.

2 ఓమ్‌లు, 3 ఓమ్‌లు సిరీస్‌లో ఉంటే: 2 + 3 = 5 ఓమ్‌లు.

అలా కాకుండా పక్కపక్కనే రెండు గేట్లు తెరిచారనుకోండి. రెండో గేటు కాస్త ఇరుకైనదైనా సరే, లైను తొందరగా కదులుతుంది. ఇది ప్యారలల్. దారులు పెరిగాయి కాబట్టి మొత్తం అడ్డు తగ్గింది. రెండు రెసిస్టర్లయితే సులువైన లెక్క ఇది: రెండింటినీ గుణించి, ఆ వచ్చినదాన్ని రెండింటి కూడికతో భాగించాలి.

2 × 3 = 6. 2 + 3 = 5. 6 ÷ 5 = 1.2 ఓమ్‌లు.

ఒక గుర్తు పెట్టుకోండి. ప్యారలల్‌లో వచ్చే జవాబు ఎప్పుడూ ఉన్నవాటిలో చిన్నదానికన్నా చిన్నగా ఉండాలి. ఇక్కడ 2 కన్నా 1.2 చిన్నది. మీకు అంతకన్నా ఎక్కువ వచ్చిందంటే లెక్క తప్పిందన్నమాట. రెండూ సమానమైతే ఇంకా సులువు, సగం చేస్తే చాలు.

కండెన్సర్ దగ్గర తారుమారు

ఇప్పుడు అవే అంకెలతో కండెన్సర్లు తీసుకుందాం. 2 మైక్రోఫారడ్లది ఒకటి, 3 మైక్రోఫారడ్లది ఒకటి.

ప్యారలల్‌లో కలిపితే: 2 + 3 = 5 మైక్రోఫారడ్లు.

సిరీస్‌లో కలిపితే: 6 ÷ 5 = 1.2 మైక్రోఫారడ్లు.

అంకెలు అవే, జవాబులూ అవే. పేర్లు మాత్రం తారుమారయ్యాయి! చాలామంది పరీక్షలో పొరపడేది ఇక్కడే. బట్టీ పడితే మరిచిపోతాం. ఎందుకో తెలిస్తే మరిచిపోం.

కండెన్సర్ నీళ్ల డ్రమ్ము లాంటిది. రెండు డ్రమ్ములు పక్కపక్కన పెట్టి అడుగున పైపుతో కలిపితే పట్టే నీళ్లు పెరుగుతాయి. ప్యారలల్‌లో పెడితే రేకుల వైశాల్యం పెరిగినట్టే. అందుకే కూడుకుంటాం. సిరీస్‌లో పెడితే ఏమవుతుంది? మొదటిదాని రెండో రేకూ, రెండోదాని మొదటి రేకూ వైరుతో కలిసి మధ్యలో ఉండిపోతాయి. బయటి నుంచి చూస్తే రెండు చివరి రేకులే మిగిలాయి, వాటి మధ్య దూరం పెరిగింది. దూరం పెరిగితే దాచే శక్తి తగ్గుతుంది. అందుకే జవాబు చిన్నదవుతుంది.

రెసిస్టర్‌కు కూడా ఇలాగే ఊహించుకోవచ్చు. సిరీస్ అంటే వైరు పొడవు పెరిగినట్టు, అడ్డు పెరుగుతుంది. ప్యారలల్ అంటే వైరు లావు పెరిగినట్టు, అడ్డు తగ్గుతుంది.

ఇంకో కిటుకు కూడా ఉంది. సిరీస్‌లో పెట్టిన కండెన్సర్లు వోల్టేజిని సమానంగా పంచుకోవు. చిన్నదాని మీదే ఎక్కువ పడుతుంది. 230 వోల్టుల సప్లై మీద 2, 3 మైక్రోఫారడ్లవి సిరీస్‌లో పెడితే చిన్నదాని మీద 138 వోల్టులు, పెద్దదాని మీద 92 వోల్టులు పడతాయి. రెండూ కలిపితే 230. అందుకే వేర్వేరు సైజులవి కలిపేటప్పుడు వాటి మీద రాసిన వోల్టేజి చూడకుండా పెడితే చిన్నది ముందు పేలుతుంది.

రెగ్యులేటర్ డబ్బాలో ఏముంది?

మన ఊళ్లలో పాత ఇళ్లలో ఫ్యాన్ రెగ్యులేటర్ పెద్ద డబ్బాలా ఉండేది. కాసేపు తిరిగాక ముట్టుకుంటే వేడిగా తగిలేది. అందులో ఉన్నది ఫ్యాన్‌కు సిరీస్‌లో పెట్టిన రెసిస్టర్. స్పీడు తగ్గించడానికి ఆపిన కరెంటు అంతా వేడిగా పోయేది. ఫ్యాన్ నెమ్మదిగా తిరిగినా బిల్లు అనుకున్నంత తగ్గేది కాదు.

తర్వాత వచ్చిన చిన్న రెగ్యులేటర్లలో కండెన్సర్లు ఉంటాయి. ఉదాహరణకు 2.2, 3.3 మైక్రోఫారడ్లవి రెండు ఉన్నాయనుకోండి. ఒకటో నంబరులో 2.2 ఒక్కటే ఫ్యాన్‌కు సిరీస్‌లో పడుతుంది. రెండో నంబరులో 3.3 ఒక్కటే. మూడో నంబరులో రెండూ ప్యారలల్‌లో, అంటే 5.5. చివరి నంబరులో ఏదీ లేకుండా నేరుగా. రెండు కండెన్సర్లతోనే నాలుగు స్పీడ్లు!

50 హెర్ట్జ్ ఏసీ కరెంటుకు 2.2 మైక్రోఫారడ్ల కండెన్సర్ సుమారు 1,450 ఓమ్‌ల అడ్డులా పనిచేస్తుంది. 3.3 అయితే సుమారు 965. 5.5 అయితే సుమారు 580. కండెన్సర్ పెద్దదయ్యేకొద్దీ ఏసీకి అడ్డు తగ్గుతుంది. మొదట చెప్పిన తారుమారు అసలు రహస్యం ఇదే. పైగా కండెన్సర్ అడ్డుకుంటుందే కానీ రెసిస్టర్ లాగా వేడి చేసి పారబోయదు.

ఒక్క బోర్డు మీద ఎన్ని?

ఇప్పుడు గదిలోకి వద్దాం. చాలా డార్మిటరీల్లో గదిలో వంట చేయకూడదు, వంటగది వేరేగా ఉంటుంది. ఎక్కడెక్కడ ఏవి వాడొచ్చో రాసి కూడా పెడతారు. ఆ నియమం ఊరికే పెట్టింది కాదని లెక్కే చెబుతుంది.

సింగపూర్‌లో సప్లై 230 వోల్టులు. 2,300 వాట్ల కెటిల్ 10 ఆంపియర్లు లాగుతుంది. అంటే దాని నిరోధం 23 ఓమ్‌లు. 460 వాట్ల రైస్ కుక్కర్ 2 ఆంపియర్లు లాగుతుంది. దాని నిరోధం 115 ఓమ్‌లు. ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పెడితే ఇవి రెండూ ప్యారలల్‌లో ఉంటాయి. మొత్తం అడ్డు సుమారు 19 ఓమ్‌లకు తగ్గి, కరెంటు 12 ఆంపియర్లకు పెరుగుతుంది. ఇక్కడి మూడు పిన్నుల ప్లగ్గులో పెట్టే పెద్ద ఫ్యూజు 13 ఆంపియర్లు. అంటే సుమారు 3,000 వాట్లు. ఇంకో ఇస్త్రీపెట్టె తగిలిస్తే హద్దు దాటుతుంది.

"బోర్డులో ఇంకా రెండు కన్నాలు ఖాళీగా ఉన్నాయి కదా" అంటాం. కన్నాలు ఖాళీగా ఉండొచ్చు, వైరు ఖాళీగా లేదు. ప్రతి ప్లగ్గూ ఇంకో గేటు తెరిచినట్టే. గేట్లన్నిటిలోంచి పోయే జనం మళ్లీ ఒకే సందులోంచి రావాలి. ఆ సందు పేరు ఎక్స్‌టెన్షన్ వైరు.

ఇంతకన్నా పెద్ద దొంగ ఇంకోడున్నాడు. వదులైన కనెక్షన్. ప్లగ్గు సరిగ్గా దూరకపోయినా, వైరు మెలిపెట్టి టేపు చుట్టినా అక్కడ చిన్న నిరోధం పుడుతుంది. అర ఓమ్ అనుకుందాం. ఇది అందరితో సిరీస్‌లో ఉంటుంది కాబట్టి మొత్తం 12 ఆంపియర్లూ దాని గుండానే పోవాలి. వేడి లెక్క: కరెంటును కరెంటుతో గుణించి, నిరోధంతో గుణించాలి. 12 × 12 × 0.5 = 72 వాట్లు. మనం వాడే సోల్డరింగ్ ఐరన్ 25 నుంచి 60 వాట్లు ఉంటుంది. అంటే ఆ టేపు కింద సోల్డరింగ్ ఐరన్ కన్నా ఎక్కువ వేడి, పరుపు పక్కనే! ఇందులో ఫ్యూజు కూడా కొట్టదు, ఎందుకంటే కరెంటు 13 దాటలేదు. ప్లగ్గు వేడిగా తగిలినా, రంగు మారినా, కాలిన వాసన వచ్చినా అక్కడితో ఆపేయండి. డార్మిటరీ ఆఫీసులో చెప్పండి.

ఒళ్లు కూడా ఒక రెసిస్టరే

చెయ్యి నుంచి కాలు దాకా తడి ఒంటికి సుమారు 1,000 ఓమ్‌ల నిరోధం అని లెక్కల్లో తీసుకుంటారు. తడి కాళ్లతో 230 వోల్టుల వైరు ముట్టుకుంటే 230 మిల్లీ ఆంపియర్లు. గుండె లయ తప్పడానికి అందులో చాలా తక్కువే చాలు.

అదే మనిషి పొడి రబ్బరు బూట్లు వేసుకున్నాడనుకోండి. బూటు నిరోధం లక్ష ఓమ్‌లే అనుకున్నా, అది ఒంటితో సిరీస్‌లో ఉంటుంది. మొత్తం 1,01,000 ఓమ్‌లు. కరెంటు సుమారు 2.3 మిల్లీ ఆంపియర్లకు పడిపోతుంది. జలదరిస్తుంది, అంతే. గ్లవ్స్, బూట్లు వేసుకోమని సేఫ్టీ సూపర్‌వైజర్ పదేపదే చెప్పేది ఈ సిరీస్ కూడిక కోసమే. బూటు తడిసినా, చిల్లు పడినా ఆ కూడికలో పెద్ద అంకె మాయమవుతుంది.

సైట్లలో పసుపు రంగు 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ చూసే ఉంటారు. దాని లోపల రెండు 55 వోల్టుల భాగాలు సిరీస్‌లో ఉండి, మధ్య బిందువు ఎర్త్‌కు కలిసి ఉంటుంది. అందుకే డ్రిల్లింగ్ మెషీన్‌కు 110 వోల్టులు అందినా, మనం పొరపాటున ఒక వైరు ముట్టుకుంటే భూమికీ మనకూ మధ్య 55 వోల్టులే.

ఇంకో కాపలాదారు ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటూ, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటూ సరిపోకపోతే మధ్యలో ఎవరి ఒంట్లోంచో భూమిలోకి పోతోందని అర్థం. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే అది క్షణంలో సప్లై కోసేస్తుంది. సింగపూర్‌లో ఇళ్లన్నిటికీ ఇది ఉండాలని 2023 జూలై 1 నుంచి నియమం వచ్చింది. అయితే ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే ఆర్‌సీసీబీకి తేడా కనపడదు. అప్పుడు మనం కూడా దానికి ఒక రెసిస్టర్‌లాగే కనిపిస్తాం. దాన్ని నమ్ముకుని స్విచ్చి ఆపకుండా పని చేయొద్దు.

ఆఫ్ చేసినా చావని కరెంటు

రెసిస్టర్ స్విచ్చి ఆపితే ఊరుకుంటుంది. కండెన్సర్ ఊరుకోదు. అది దాచుకున్నది దాని దగ్గరే ఉంటుంది.

ఈ సంగతి మొదట తెలుసుకున్నవాళ్లు షాకు తినే తెలుసుకున్నారు. 1745లో జర్మనీ వైపు ఫాన్ క్లైస్ట్, 1746లో హాలండ్‌లోని లైడెన్ ఊళ్లో ముషెన్‌బ్రోక్ గాజు సీసాలో కరెంటు నిలవ చేసే ప్రయోగం చేశారు. సీసా చేత్తో పట్టుకుని రెండో చేత్తో తీగ ముట్టుకున్న ముషెన్‌బ్రోక్‌కు ఒళ్లంతా కదిలిపోయింది. ఫ్రాన్సు రాజ్యం మొత్తం ఇస్తామన్నా మళ్లీ ముట్టుకోనని స్నేహితుడికి ఉత్తరం రాశాడు. ప్రపంచంలో మొదటి కండెన్సర్ అదే. తర్వాత అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇలాంటివి చాలా వరసగా కలిపి, ఫిరంగుల వరస పేరు మీద దానికి బ్యాటరీ అని పేరు పెట్టాడు.

మన 230 వోల్టుల ఏసీ శిఖరం దగ్గర 325 వోల్టులకు చేరుతుంది. ఆ క్షణంలో స్విచ్చి ఆగితే కండెన్సర్‌లో అంత వోల్టేజి నిలిచిపోతుంది. అందుకే మంచి రెగ్యులేటర్లలో కండెన్సర్‌కు ప్యారలల్‌గా పెద్ద విలువ రెసిస్టర్ ఒకటి పెడతారు. దాని పని మెల్లగా ఖాళీ చేయడం. 2.2 మైక్రోఫారడ్ల కండెన్సర్‌కు పది లక్షల ఓమ్‌ల రెసిస్టర్ ఉంటే, రెండింటినీ గుణించగా వచ్చేది 2.2 సెకన్లు. దానికి అయిదు రెట్లు, అంటే 11 సెకన్లు ఆగితే దాదాపు అంతా ఖాళీ అవుతుంది. రెసిస్టర్ లేకపోయినా, పాడైనా చాలాసేపు ఛార్జి నిలిచే ఉంటుంది.

ఫ్యాన్ కండెన్సర్ ఇచ్చే షాకు చిన్నదే. అది చంపకపోవచ్చు. కానీ నిచ్చెన మీద నిలబడినవాడు ఉలిక్కిపడితే? చంపేది నేల. ఏసీ మెషీన్ల కంప్రెసర్ కండెన్సర్లు, పెద్ద మోటార్లవి ఇంకా ప్రమాదం. సప్లై ఆపి, తాళం వేసి, సూపర్‌వైజర్ చెప్పిన పద్ధతిలో ఖాళీ చేసి, మీటరుతో చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. స్క్రూడ్రైవర్‌తో రెండు కాళ్లూ తాకించి ఖాళీ చేయడం మొనగాడి పని కాదు. నిప్పురవ్వ కంటికి తగలొచ్చు.

మన పొలాల్లోనూ ఇదే

బోరు మోటారు స్టార్టర్ దగ్గర కండెన్సర్ డబ్బా చాలామందికి తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో 2004 మేలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం వ్యవసాయానికి ఉచిత విద్యుత్ మొదలుపెట్టింది. ఆ తర్వాత మోటారుకు కెపాసిటర్ బిగించాలి, ఐఎస్ఐ మార్కు మోటారు వాడాలి అన్న షరతులూ వచ్చాయి. "ఫ్రీ కరెంటుకు మళ్లీ ఈ డబ్బా ఎందుకు?" అని మన పెద్దవాళ్లు విసుక్కున్నారు.

ఆ డబ్బాను మోటారుకు ప్యారలల్‌గా కలుపుతారు. మోటారుకు అయస్కాంతం పుట్టించుకోవడానికి కొంత కరెంటు అటూ ఇటూ ఊగుతూ కావాలి. ఆ కరెంటును ట్రాన్స్‌ఫార్మర్ నుంచి తెచ్చుకునే బదులు పక్కనే ఉన్న కండెన్సర్ ఇస్తుంది. లైనులో కరెంటు తగ్గుతుంది. లైను తీగల నిరోధం సిరీస్‌లో ఉంటుంది కాబట్టి కరెంటు 10 శాతం తగ్గితే తీగల్లో వేడిగా పోయే నష్టం 19 శాతం తగ్గుతుంది. చివరి పొలం మోటారుకు కూడా వోల్టేజి అందుతుంది. ఒక రైతు డబ్బా బిగిస్తే ఆ లైను మీద ఉన్న పక్క రైతు మోటారుకూ మేలే.

చదువుకుంటే ఏమొస్తుంది?

సింగపూర్‌లో ఎలక్ట్రికల్ పనులకు లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ వర్కరే బాధ్యుడు. ఆ లైసెన్సును ఎనర్జీ మార్కెట్ అథారిటీ ఇస్తుంది. మనం ఎంత పనిమంతులమైనా డార్మిటరీ గోడలోని వైరింగును, సీలింగు ఫ్యాన్‌ను విప్పే హక్కు మనకు లేదు. ఫిర్యాదు రాయించడం మన పని, బాగు చేయించడం వాళ్ల పని.

అయితే సైట్‌లో పని నేర్చుకుని మెట్టు ఎక్కే దారి ఉంది. నిర్మాణ రంగంలో 2024 జనవరి 1 నుంచి మన దేశం వాళ్లకు కంపెనీ కట్టే లెవీ, బేసిక్ స్కిల్ అయితే నెలకు 900 డాలర్లు, హయ్యర్ స్కిల్ అయితే 500 డాలర్లు. అంటే మీరు ఒక మెట్టు ఎక్కితే కంపెనీకి నెలకు 400 డాలర్లు మిగులుతుంది. జీతం గురించి మాట్లాడేటప్పుడు ఈ అంకె మీకు తెలిసి ఉండటం మంచిది. కోర్‌ట్రేడ్ లాంటి మార్గాల గురించి మీ సూపర్‌వైజర్‌నూ, ఆఫీసునూ అడగండి.

మా గది తమ్ముడు ఇప్పుడు అదే పనిలో ఉన్నాడు. ఆదివారం టెక్కా వైపు వెళ్లినప్పుడు అందరూ ఫోన్ షాపుల దగ్గర ఆగితే, వాడు మాత్రం జలన్ బెసార్ మీది సిమ్ లిమ్ టవర్ దారి పడతాడు. ఎలక్ట్రానిక్ విడిభాగాల షాపులకు పేరున్న చోటది. వాడి నోట్‌బుక్‌లోంచి నాలుగు లెక్కలు మీకోసం.

1. 4 ఓమ్‌లు, 12 ఓమ్‌లు ప్యారలల్‌లో ఉంటే ఎంత?
2. 4 మైక్రోఫారడ్లు, 12 మైక్రోఫారడ్లు ప్యారలల్‌లో ఉంటే ఎంత?
3. ఫ్యాన్‌కు 2.5 మైక్రోఫారడ్లు కావాలి. 5 మైక్రోఫారడ్లవి రెండు ఉన్నాయి. లెక్క ప్రకారం ఎలా కలపాలి?
4. 13 ఆంపియర్ల ప్లగ్గు ఉన్న బోర్డు మీద 2,300 వాట్ల కెటిల్, 1,150 వాట్ల ఇస్త్రీపెట్టె ఒకేసారి వాడొచ్చా?

జవాబులు: ఒకటి, 3 ఓమ్‌లు. రెండు, 16 మైక్రోఫారడ్లు. మూడు, సిరీస్‌లో (ఇది నోట్‌బుక్ మీద లెక్క. నిజంగా ఫ్యాన్‌కు మార్చాల్సి వస్తే అదే విలువ, అదే వోల్టేజి ఉన్న కొత్త కండెన్సర్ ఒకటే, అదీ పని తెలిసినవాళ్లే పెట్టాలి). నాలుగు, వాడకూడదు. 10 + 5 = 15 ఆంపియర్లు.

తాళాలవాడి కొడుకు, కమ్మరి కొడుకు

చివరగా ఒక మాట. నిరోధం కొలతకు పేరు ఇచ్చిన గెయార్గ్ ఓమ్ జర్మనీలో ఒక తాళాలు చేసే పనివాడి కొడుకు. ఆ తండ్రి తనంతట తానే చదువుకుని, కొడుక్కి లెక్కలు ఇంట్లోనే నేర్పాడు. ఓమ్ స్కూలు మాస్టారుగా ఉంటూ 1827లో తన సూత్రాన్ని పుస్తకంగా అచ్చువేశాడు. కండెన్సర్ కొలతకు పేరు ఇచ్చిన మైకేల్ ఫారడే లండన్ దగ్గర ఒక కమ్మరి కొడుకు. పద్నాలుగో ఏట పుస్తకాలు బైండింగ్ చేసే షాపులో పనికి కుదిరాడు. బైండింగ్‌కు వచ్చిన పుస్తకాలే చదువుకున్నాడు. 1813లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సహాయకుడిగా చేరి, 1831లో అయస్కాంతంతో కరెంటు పుట్టించే సూత్రం కనుక్కున్నాడు. మన జనరేటర్లన్నీ దాని మీదే నడుస్తున్నాయి.

కాబట్టి ఓమ్, ఫారడ్ అనేవి దొరల మాటలేమీ కావు. చేతిపని చేసుకునేవాళ్ల ఇళ్లలోంచి వచ్చిన పేర్లే. ఈ వారం ఒక పని చేయండి. మీ మంచం పక్కన ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఏమేమి తగిలించి ఉన్నాయో వాట్లు కూడండి. 230తో భాగించండి. జవాబు 13 దాటితే ఇవాళే ఒకటి పీకేయండి. ప్లగ్గు వేడెక్కితే ఆఫీసులో చెప్పండి. వాళ్లు పట్టించుకోకపోతే మైగ్రెంట్ వర్కర్స్ సెంటర్‌కు 6536 2692 నంబరుకు ఫోన్ చేయొచ్చు. నిప్పు అంటుకున్నా, ఎవరికైనా షాకు తగిలినా 995. షాకు తగిలినవాణ్ని మాత్రం ముందు స్విచ్చి ఆపకుండా ముట్టుకోకండి. ముట్టుకుంటే మీరూ అదే కరెంటు దారిలో కలిసిపోతారు.